అగరు: క్షతం నుండి సుగంధం

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరుకు నవనాథపురమనే పూర్వనామం ఉన్నది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న సిద్ధుల గుట్టపై నవనాథ సిద్ధేశ్వరుని ఆలయం వెలసింది. ఆరు, మూరు కలిస్తే తొమ్మిది. ఆ నవసిద్ధుల సంఖ్యయే ఊరి పేరుగా నిలిచిందని స్థానికులు చెబుతారు. గుట్ట చుట్టూ విస్తరించిన పొలాలలో పండే పంటలలో పసుపు, ఎర్రజొన్న ప్రసిద్ధమైనవి. తొలకరితో నాటిన పసుపు మాఘ ఫాల్గుణాల నాటికి కొమ్ములై భూమి నుండి వెలికి వస్తుంది. ఆ తరువాత దానిని ఉడకబెట్టి, ఎండబెట్టి, పైపొట్టు పోయేంత వరకు రాపిడి చేస్తారు. అప్పటికి గాని అది అంగడికి అర్హం కాదు.

గంధం పృథివికి మాత్రమే చెందిన విశేషగుణమని వైశేషికులు సిద్ధాంతీకరించారు. నీటిలోనో గాలిలోనో వాసన తోచినప్పుడు అది అందులో కలిసిన పార్థివాంశదే గాని నీటిదీ గాలిదీ కాదని వారి వాదం. అగ్నిసంయోగం చేత పార్థివద్రవ్యంలో రూపరసగంధస్పర్శలు మారడాన్ని వారు పాకజమన్నారు. ఆ మార్పు పరమాణువులలోనే జరుగుతుందని వైశేషికులు, అవయవి యథాతథంగా ఉండగానే జరుగుతుందని నైయాయికులు వాదించుకున్నారు. పసుపు ఉడికే కడాయి దగ్గర నిలిచిన రైతుకు ఈ వివాదం తెలియకపోవచ్చు. దాని విషయం మాత్రం ఏటా అతని కళ్ళ ముందే జరుగుతుంది.

అయితే మన పూజాద్రవ్యాలలో పాకంతో కాక క్షతంతో సుగంధాన్ని పొందేది ఒకటున్నది. అదే అగరు.

అగరు వృక్షం సహజంగా పెరిగేది ఈశాన్య భారతంలోని తేమ అడవులలో, ఆపైన ఆగ్నేయాసియాలో. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మాను తెల్లగా, తేలికగా, దాదాపు నిర్గంధంగా ఉంటుంది. కాండాన్ని పురుగు తొలిచినప్పుడో, కొమ్మ విరిగినప్పుడో ఆ గాయంలోకి శిలీంధ్రాలు ప్రవేశిస్తాయి. చెట్టు ఆత్మరక్షణకై జిగురువంటి సారాన్ని స్రవిస్తుంది. సంవత్సరాల తరబడి ఆ సారం పేరుకొనగా దారువు నల్లబడి, బరువెక్కి, పరిమళభరితమౌతుంది. ఉత్తమమైన అగరు నీటిలో మునుగుతుంది. 'గురువు కానిది' అనే అర్థం స్ఫురించే అగురు శబ్దం అంతటి బరువైన దారువుకు పేరు కావడం ఒక విచిత్రం.

ప్రాచీనులకు ఈ రహస్యం కొంత తెలిసియే ఉండాలి. అమరకోశం అగురువుకు చెప్పిన పర్యాయపదాలలో రాజార్హం, లోహం, కృమిజం, జోంగకం ఉన్నాయి. రాజులకు తగినది కనుక రాజార్హం. ఇనుమువలె బరువైనది కనుక లోహం. కృమిజమనగా పురుగు వలన పుట్టినది. నేటి వృక్షశాస్త్రం సూక్ష్మదర్శినితో నిరూపించిన కార్యకారణ సంబంధానికి ఆ ఒక్క పదమే సూచన.

కౌటిల్యుని అర్థశాస్త్రం కోశంలో చేర్చదగిన రత్నాలను పరీక్షించే అధ్యాయంలో అగురువునూ పేర్కొన్నది. జోంగకం, దోంగకం, పారసముద్రకం అని భేదాలు చెప్పి, ఉత్తమమైన అగురువు లక్షణాలను వివరించింది. అది బరువుగా, జిడ్డుగా ఉండాలి, దూరం వ్యాపించే మనోహర గంధం కలిగి ఉండాలి, నిప్పును ఓర్చుకోవాలి, పొగ దట్టంగా రాకూడదు, మొదటి నుండి చివరి వరకు వాసన సమంగా ఉండాలి, రాపిడికి తట్టుకోవాలి. పారసముద్రకమనే పేరును బట్టి సముద్రానికి ఆవలి అగరు ఆనాటికే ఈ దేశానికి వచ్చేదని స్పష్టమౌతుంది.

రఘువంశంలో రఘువు లౌహిత్యనదిని దాటిన ఘట్టంలో అతని ఏనుగులకు కాలాగురు వృక్షాలు కట్టుకొయ్యలైనాయి. ఏడవ శతాబ్దిలో కామరూపాధిపతి భాస్కరవర్మ హర్షునికి పంపిన కానుకలలో కృష్ణాగురు తైలంతో పాటు అగరు పట్టపై వ్రాసిన సుభాషిత గ్రంథాలు కూడ ఉన్నాయని బాణుని హర్షచరితం చెబుతున్నది. అస్సాములో ఈ వృక్షాన్ని సాంచి అంటారు. దాని పట్టపై గ్రంథాలు వ్రాసే సంప్రదాయం అక్కడ శతాబ్దాల పాటు కొనసాగింది.

తెలుగునేలకు ఈ సుగంధం సముద్రమార్గాన వచ్చింది. కాకతీయ గణపతిదేవుడు శా.శ. 1166, అనగా క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారంగా హరించేవారు. ధర్మాన్ని, కీర్తిని కోరి తాను ఆ పద్ధతిని మానుతున్నానని, ముప్పయింట ఒక వంతు సుంకం తప్ప మరేమీ గ్రహించనని గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ శాసనంలో సుంకం నిర్ణయించిన వస్తువులలో చందనం, కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. దేవాలయంలోని ధూపానికీ రేవులోని ధర్మానికీ ఉన్న సంబంధం ఇక్కడ ప్రత్యక్షమౌతుంది. వర్తకునికి అభయం లేనిచోట దేవునికి గంధం అందదు.

తరువాతి కాలంలో శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ సెట్టికి అంకితమిచ్చాడు. వసంతోత్సవాల వలన కర్పూర వసంతరాయలని పేరొందిన కొండవీటి కుమారగిరి రెడ్డికి సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడాయన. ఆ కావ్యావతారికలో తరుణాసీరి, తవాయి మొదలైన రేవుల నుండి తెప్పించిన సరకులలో చందనంతో పాటు అగరు పేరు కూడ కనబడుతుంది. ఆ రెండు రేవులూ నేటి మయన్మారు దక్షిణ తీరంలోనివి.

రాజార్హమైన వస్తువుకు రాజులు తగ్గినా గిరాకీ తగ్గలేదు. ఏ చెట్టులో అగరు ఉన్నదో బయటి నుండి నిశ్చయంగా తెలియదు. కనుక వెదకేవారు గాయపడని చెట్లను కూడ నరికివేశారు. అడవి తరిగిపోగా, 1995 నుండి భారతీయ అగరు జాతి, 2005 నుండి దాని ప్రజాతి అంతయు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒడంబడికకు లోబడ్డాయి. నేడు అస్సాము, త్రిపురలలోని పెరటితోటలలోను, ఆగ్నేయాసియాలోని తోటలలోను దీనిని సాగుచేస్తున్నారు. కొన్నిచోట్ల సహజంగా పురుగు పట్టేవరకు వేచి ఉంటారు. కొన్నిచోట్ల కాండానికి రంధ్రాలు చేసి శిలీంధ్రాలను ఎక్కిస్తారు. చెట్టు నాటినంత మాత్రాన అగరు నాటినట్లు కాదు. గాయం లేనిదే గంధం లేదు, గాయం చేసినా గంధం ఎంత వచ్చునో నిశ్చయం లేదు.

ఈ వివేకం ఆర్మూరు రైతుకు అత్యవసరం. పసుపు ధర కోసం ఈ ప్రాంతం దీర్ఘకాలం పోరాడింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు బరిలో 185 మంది అభ్యర్థులు నిలువగా వారిలో అత్యధికులు రైతులే. జాతీయ పసుపు బోర్డు 2023లో ప్రకటితమై, నిజామాబాదు కేంద్రంగా 2025 జనవరిలో ప్రారంభమైంది. ధర పడిన సంవత్సరంలో అమూల్య వృక్షాల మాట చెవికి ఇంపుగా వినబడుతుంది. కాని అగరు అధిక వర్షాన్ని, తేమను కోరే చెట్టు. ఇక్కడి దీర్ఘమైన వేసవి దానికి స్వభావసిద్ధం కాదు. పొడినేలకు అలవడిన శ్రీచందనం సైతం కంది వంటి ఆతిథేయపు మొక్కల వేళ్ళను ఆశ్రయించి బ్రతుకుతుంది. దాని చేవదేరడానికి దశాబ్దానికి పైగా పడుతుంది. ఏటా అప్పు తీర్చవలసిన వానికి అంత నిరీక్షణ తేలిక కాదు.

పసుపు గంధానికీ అగరు గంధానికీ మూలమైన రసాయనాలలో అనేకం ఒకే కుటుంబానికి చెందినవని నేటి శాస్త్రం చెబుతున్నది. ఒకటి తొమ్మిది నెలలలో మట్టిలో పండుతుంది, మరొకటి దశాబ్దాల క్షతంలో పండుతుంది. పూజాపీఠం మీద రెండింటికీ స్థానమున్నది. ఏ నేల ఏ గంధాన్ని ఇవ్వగలదో ఎరిగి, దానిని న్యాయమైన వెలకు చేర్చడమే గణపతిదేవుడు మోటుపల్లి రాతిస్తంభంపై వ్రాయించిన ధర్మానికి నేటి రూపం.