రాగిముద్దయు కావేరి మహసీరును

గుడుపల్లె, కుప్పము ప్రాంతముల వారికి నది యనగానే ఇసుక గుర్తునకు వచ్చును. పాలారు ఆ సీమ మీదుగా పోవునదే యైనను, మంచి వానలు కురిసిన దినములు దప్ప అందు నీరు కానరాదు. అచ్చటి నుండి కృష్ణగిరి, ధర్మపురుల మీదుగా దక్షిణమునకు పోయినచో, హొగెనకల్ వద్ద కావేరి యెదురగును. రాళ్ళపై బడి పొగవలె లేచు తుంపరలను బట్టి ఆ చోటికి కన్నడమున 'పొగరాయి' యను పేరు వచ్చినది. ఆ నదిలో ఒక మహామత్స్యము కలదు. దానిని పట్టుటకు దొరలు వాడిన యెర మన యింటి రాగిముద్దయే. ఆ చేప చరిత్రను శ్రోతలకు విన్నవించుట ఈ ప్రసంగము ఉద్దేశము.

ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో వడిగల ఏళ్ళ గట్టున నిలిచి, గాలముతో ట్రౌటు, సాల్మను అను చేపలను పట్టుట గొప్ప వినోదము. సాల్మను సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై ప్రవాహమున కెదురీది నదిలోనికి వచ్చును. ఈ దేశమునకు వచ్చిన ఆంగ్లేయులు ఆ వినోదమును మరువలేకపోయిరి. 1860 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రవేత్త నీలగిరులలో ట్రౌటును పెంపజూచి విఫలుడయ్యెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున హెచ్. సి. విల్సను కృషి ఫలించి, అచ్చటి చల్లని సెలయేళ్ళలో ట్రౌటు నిలద్రొక్కుకొనినది. సాల్మను మాత్రము దక్షిణాపథపు నదులకు రాలేదు. ఆ లోటును తీర్చినది మహసీరు.

మహసీరు సాల్మనుకు చుట్టము కాదు. మన బొచ్చె, గండి చేపల కుటుంబమునకు చెందినది. అయినను మద్రాసు సివిలు సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్, 1873లో మంగుళూరున ప్రచురించిన 'ది రాడ్ ఇన్ ఇండియా' అను గ్రంథమున, తూకమునకు తూకము చూచినచో పోరాటమున మహసీరే సాల్మనును మించునని వాదించెను. దాని నోట పండ్లు లేవు. పండ్లు గొంతులో నుండును. వానితో అది నత్తలను, పీతలను నలిపి మ్రింగును. నాసిరకపు కొంకి వాని నడుమ బడెనా, విరుగుట నిశ్చయము.

పట్టు విధానము వినదగినది. రాగిపిండిని గట్టిగా కలిపి, ఉడికించి, నిమ్మపండంత మొదలు బత్తాయియంత వరకు ముద్దలు చేసి కొంకికి దట్టింతురు. ముద్ద ప్రవాహమున కొట్టుకొనిపోకుండుటకు దారమునకు సీసపు రేకు చుట్టుదురు. మడుగును ఉరవడియు కలియు చోటికి దానిని విసరి, గట్టునగల బండపై గంటల తరబడి కూర్చుందురు. చేప ముద్ద నందుకొనిన క్షణమున ప్రవాహము వెంబడి వందల గజములు దూసికొనిపోవును. అప్పుడు హరిగోలెక్కి దాని వెంట బోవలసినదే. ఎచ్చట ఏ మడుగున్నదో, ఏ బండ క్రింద చేప దాగునో ఎరిగి హరిగోలు నడపువారు ఆ ఊరి జాలరులు. గ్రంథములకెక్కినవి మాత్రము దొరల పేర్లే.

1946లో మైసూరు నివాసి జె. డి వెట్ వాన్ ఇంగెన్, కావేరికి ఉపనదియైన కబినిలో 120 పౌండ్ల, అనగా సుమారు 54 కిలోల, మహసీరును పట్టెను. పిమ్మట ఈ చేపను లోకము మరచినట్లయ్యెను. 1977–78లో ముగ్గురు ఆంగ్ల యువకులు వచ్చి, కావేరిలో పెద్ద మహసీరులింకను కలవని చూపిరి. నాటి నుండి దేశదేశముల గాలగాండ్రు రాసాగిరి. చేపను పట్టి, తూచి, మరల నీట విడుచుట అచ్చట నియమమైనది.

ఇచ్చట కథ మలుపు తిరుగును. 1934లో ముగిసిన మెట్టూరు ఆనకట్ట నది నడకను మార్చినది. ప్రేలుడు మందు వేసి చేపలను చంపు దురాచారము మడుగులను ఖాళీ చేసినది. లోటును పూరింపవలెనను సదుద్దేశముతో, 1970 తరువాత లోనావ్లాలో పొదిగించిన నీలిరెక్కల మహసీరు పిల్లలను కావేరిలో విడిచిరి. అది మన కృష్ణానదీ పరీవాహకపు జాతి. కావేరి సొంత చేపయో, వీపున మూపురమును, నారింజ వన్నె రెక్కలును గల వేరొక జాతి.

ఆ భేదము చివరకు గాలగాండ్ర లెక్కల పుస్తకములలోనే బయటపడినది. గాలిబోరె శిబిరమున 1998 నుండి 2012 వరకు, ఇరువది మూడువేల గంటలకు పైబడిన గాలపు వేట వివరములు వ్రాయబడినవి. వానిని పరిశీలింపగా, పట్టుబడు చేపల సంఖ్య పెరుగుచుండెను. సగటు బరువు తగ్గుచుండెను. పెరిగినది అతిథి, తరిగినది ఇంటి యజమాని. అభయారణ్యమున గాలము సైతము వేటయేయని ఆ శిబిరములు ఆగిపోగా, ఆ లెక్క వ్రాయువారును లేకపోయిరి.

మరియొక వింత. ఇంత కీర్తిగాంచిన చేపకు శాస్త్రీయ నామమేదో 2018 వరకు తేలలేదు. ఆ యేట ఏడ్రియన్ పిండర్ మున్నగు పరిశోధకులు, మోయారు నదిలో దొరికిన చేపలను పరీక్షించి, 2007లో కేరళలోని పాంబారు చేపలకు పెట్టబడిన 'టోర్ రెమాదేవీ' యను నామమే దీనికిని చెల్లునని నిర్ణయించిరి. భారత మత్స్యశాస్త్రవేత్త్రి కె. రెమాదేవి గౌరవార్థము ఏర్పడిన పేరది. పేరు దొరికిన వెంటనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న జీవుల పట్టికలో చేర్చినది.

నూటయేబది సంవత్సరములు దాని తూకము వ్రాసిరి గాని కులగోత్రము లడుగలేదు. అడిగియున్నచో, ఏ పిల్లలను ఏ నదిలో విడువవలెనో ముందే తెలిసియుండెడిది. కావేరి సొంత మహసీరు మోయారు వంటి కొలది చోట్ల మాత్రమే మిగిలియున్నది. ఆ కొలదియు మిగులవలెనన్న, నీటికి నడకయు, మడుగులకు కావలియు, వ్రాసిపెట్టు చేతులును కావలెను.