వినపడని పిల్లలకు దారి చూపిన వినపడని పెద్దలు

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ళు ఈ పుస్తకం ముందు పేజీల్లో ఉన్నాయి. చరిత్ర వ్యాసం ఈసారి నన్ను రాయమన్నారు. భద్రాచలం గుడి గురించో, రామదాసు గురించో రాస్తాననుకున్నారు అందరూ. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా గ్రామ సంఘం మీటింగులో ఒక తల్లి అడిగిన మాట వల్ల నేను వేరే చరిత్ర వెతకాల్సి వచ్చింది.

ఆ రోజు పింఛన్ల సంగతి నడుస్తోంది. ఆమె బిడ్డకు పదిహేనేళ్ళు. పుట్టినప్పటి నుంచీ వినపడదు, మాట రాలేదు. సదరం సర్టిఫికెట్ గురించి నేను చెప్పబోతుంటే ఆమె అడ్డుపడింది. "పింఛను సంగతి తర్వాత అక్కా. చెవులు వినపడని ఆడపిల్ల పెద్దదయ్యాక ఎట్లా బతుకుద్దో నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్క మనిషిని చూపించండి" అంది.

ఇరవై మందిమి కూర్చుని ఉన్నాం. ఒక్కరం నోరు తెరవలేదు. మా వైపు ఊళ్ళు ఎట్లాంటివో మీకు తెలుసు. అడవిలో గుంపుకొకటి, గూడేనికొకటి. వినపడని పిల్ల ఒక ఊళ్ళో ఉంటే, ఇంకో పిల్ల ఎక్కడో వాగు అవతల ఉంటుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఈ పిల్లకు ఇంట్లో వాళ్ళు పెట్టుకున్న సైగలు ఓ నలభై ఉంటాయేమో. అన్నం, నీళ్ళు, మేక, తునికాకు, జ్వరం, కొడతా. అంతే. ఐదో తరగతి దాకా బడికి పోయింది. బోర్డు మీద అక్షరాలు ముత్యాల్లా దించుకునేది. అవి ఏమిటో మాత్రం తెలియదు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, రెండూ ఆమె చెవిన పడలేదు. ఎప్పుడో ఒక క్యాంపులో ఇచ్చిన చెవి మిషను పెట్టెలో ఉంది. బ్యాటరీ అయిపోయాక ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదట.

మండలంలో భవిత కేంద్రం టీచరమ్మను అడిగితే ఆమె కొంత చెప్పింది. మిగతాది నేను చదివి తెలుసుకున్నాను. పదో తరగతి చదువు నాది, తప్పులుంటే మన్నించండి.

ఈ కథ ఫ్రాన్సు దేశంలో మొదలవుతుంది. 1760 ప్రాంతంలో పారిస్‌లో ఒక క్రైస్తవ గురువు వినపడని పిల్లలకు బడి పెట్టాడు. ఆయనకు వినపడుతుంది. ఆ పిల్లల సైగలు చూసి, వాటితోనే చదువు చెప్పవచ్చని ఒప్పుకోవడం ఆయన గొప్పతనం. కానీ నాకు ఆయన కంటే ఆ బడికి వచ్చిన జాన్ మాస్యూ అనే కుర్రవాడు ఎక్కువ నచ్చాడు. ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు, ఆరుగురికీ వినపడదు. మాస్యూ గొర్రెలు కాసేవాడు. పక్కింటి పిల్లలు బడికి పోతుంటే తానూ పోతానని తండ్రిని సైగలతో అడిగాడు. నీకు చెవులు లేవు, నోరు లేదు, నీకు చదువెందుకని తండ్రి సైగలతోనే చెప్పాడు. మన ఊళ్ళలో ఈ మాట ఎన్ని ఇళ్ళలో విన్నామో! పదమూడేళ్ళు దాటాక గానీ ఆ పిల్లవాడికి బడి దొరకలేదు. తర్వాత అతనే ఆ బడిలో పంతులయ్యాడు.

అతని దగ్గర చదివినవాడు లోరా క్లెర్. 1785లో ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. ఏడాది పిల్లప్పుడు పొయ్యిలో పడ్డాడు, చెంప కాలి మచ్చ పడింది. దాంతోనే వినికిడి పోయిందని ఇంట్లోవాళ్ళు అనుకునేవాళ్ళు. ఆ మచ్చే ఆయన పేరయింది. వినపడని వాళ్ళు ఒకరినొకరు నోటితో పిలుచుకోరు కాబట్టి మనిషి గుర్తును బట్టి ఒక సైగ పెట్టుకుంటారు, దాన్నే సైగ పేరు అంటారు. రెండు వేళ్ళు చెంప మీద రాస్తే క్లెర్ అని అర్థం. మన ఊళ్ళో కూడా మచ్చను బట్టి, నడకను బట్టి పేర్లు పెడతాం, కానీ అది ఎగతాళికి. వాళ్ళది ఎగతాళి కాదు. పేరు పెట్టారంటే తమలో కలుపుకున్నారని.

పన్నెండేళ్ళకు పారిస్ బడిలో చేరిన క్లెర్, పెద్దయ్యాక అక్కడే పంతులయ్యాడు. అదే కాలంలో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఆలిస్ అనే చిన్నపిల్లకు జ్వరం వచ్చి వినికిడి పోయింది. వాళ్ళ పక్కింటి గాలడెట్ అనే ఆయన, ఇలాంటి పిల్లలకు ఎట్లా చెప్పాలో నేర్చుకుని వస్తానని ఓడెక్కి యూరప్ పోయాడు. నేర్చుకున్నది పట్టుకుని ఒక్కడే తిరిగి రాలేదు, క్లెర్‌ను వెంట తెచ్చుకున్నాడు. 1816లో ఓడ మీద 52 రోజుల ప్రయాణం. ఆ 52 రోజులూ క్లెర్ ఆయనకు సైగలు నేర్పాడు, ఆయన క్లెర్‌కు ఇంగ్లీషు నేర్పాడు. 1817 ఏప్రిల్ 15న బడి తెరిచారు. ఆలిస్ తల్లిదండ్రులు కూడా మా ఊరి తల్లి లాగే, పెద్దవాడైన వినపడని మనిషి చదువుకుని, ఉద్యోగం చేసుకుని, దర్జాగా బతకడం అప్పుడే మొదటిసారి చూసి ఉంటారని నాకు అనిపిస్తుంది. క్లెర్ అక్కడ 1858 దాకా చదువు చెప్పాడు. ఆయన శిష్యులు వేరే ఊళ్ళకు పోయి బడులు నడిపారు.

మనకు ఈ పద్ధతి కొత్త కాదు. సంఘం పెట్టడం మనకు నేర్పింది ఆఫీసరా? అప్పు తీసుకుని, తీర్చి, నిలబడ్డ సి.ఆర్.పి. అక్కలు వచ్చి నేర్పారు. మన రాష్ట్రం అక్కలు హిందీ రాకపోయినా బిహార్ పోయి అక్కడి ఆడవాళ్ళ ఇళ్ళలో ఉండి సంఘాలు పెట్టించి వచ్చారు. అనుభవించిన మనిషి చెబితే నమ్మకం కుదురుతుంది.

ఇంత బాగా నడుస్తున్న దారి 1880లో తెగిపోయింది. ఇటలీలో మిలాన్ అనే నగరంలో బధిర విద్య మీద పెద్ద మహాసభ జరిగింది. వచ్చిన ప్రతినిధులు 164 మంది. అందులో వినపడనివాడు ఒక్కడంటే ఒక్కడు. సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలి అని ఆ సభ తీర్మానం చేసింది. ఆడవాళ్ళు లేని సభలో ఆడవాళ్ళ గురించి తీర్మానం చేసినట్టు. తర్వాత చాలా దేశాల బడుల్లో సైగ చేస్తే దెబ్బలు పడ్డాయి. నోటితో మాట చెప్పలేరు గనుక వినపడని పంతుళ్ళ ఉద్యోగాలు పోయాయి. నాకు దెబ్బల కంటే ఇదే ఎక్కువ నష్టం అనిపిస్తుంది. ఆ పంతుళ్ళు పోయాక, పిల్లలు పెద్దయితే తాము ఎట్లా ఉంటారో చూసే వీలు బడిలో లేకుండా పోయింది. ఆ తీర్మానం తప్పని అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో ఒప్పుకుంది. నూటముప్పై ఏళ్ళకు.

మన దేశంలో బొంబాయిలో 1880ల్లో, కలకత్తాలో 1893లో బధిర బడులు వచ్చాయి. అప్పటికే మిలాన్ గాలి వీస్తోంది. ఇక్కడా నోటి మాటకే పెద్దపీట. సైగల భాష మాత్రం చావలేదు. హాస్టలు గదుల్లో పెద్ద పిల్లల చేతుల నుంచి చిన్న పిల్లల చేతుల్లోకి పోయింది.

మదన్ వశిష్ట కథ చెప్పకుండా ముందుకు పోలేను. హిమాచల్ కొండల్లో గగ్రేట్ అనే పల్లె. పొలం పనులు, పశువులు. 1952లో పదకొండేళ్ళ వయసులో జబ్బు చేసి మొత్తం వినికిడి పోయింది. అప్పటికి అతనికి మాట వచ్చు, చదువు వచ్చు, అయినా బడి ఆగిపోయింది. ఇంట్లో పశువులు కాస్తూ, దొరికిన పుస్తకాలు చదువుతూ ఏళ్ళు గడిపాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఢిల్లీలో వినపడని వాళ్ళకు ఫొటోగ్రఫీ నేర్పే చోట చేరాడు. తనలాంటి వాళ్ళు గుంపుగా కూర్చుని చేతులతో నవ్వుకుంటూ మాట్లాడుకోవడం అక్కడే చూశాడు. వాళ్ళ దగ్గర సైగలు నేర్చుకున్నాడు. 1967లో అమెరికాలో వినపడని వాళ్ళ కోసం ఉన్న గాలడెట్ కాలేజీకి పోయాడు. పదేళ్ళకు తిరిగి వచ్చి, ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరుల్లో సైగలు సేకరించే పనిలో చేరాడు. అవి పుస్తకాలుగా వచ్చాయి. మనవాళ్ళ సైగలు ఊరికే చేతులాడించడం కాదు, వ్యాకరణం ఉన్న భాష అని అప్పటికి గానీ రాతలో పడలేదు.

2001లో ముంబైలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థలో భారతీయ సంజ్ఞా భాష విభాగం పెట్టి, వినపడని వాళ్ళనే ఆ భాష నేర్పే టీచర్లుగా తయారు చేశారు. ఆ సంస్థ శాఖ మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. 2009లో హైదరాబాద్‌లో డెఫ్ ఎనేబుల్డ్ ఫౌండేషన్ పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన టి.కె.ఎం. సందీప్ గారికి కూడా వినపడదు. 2015లో ఢిల్లీలో సంజ్ఞా భాషకు జాతీయ కేంద్రం వచ్చింది, 2021 నాటికి వాళ్ళ నిఘంటువు 10,000 మాటలకు చేరింది. 2016 చట్టం ప్రకారం సర్కారు ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం, అందులో వినికిడి లోపం ఉన్నవాళ్ళకు 1 శాతం. ఇవన్నీ పట్నం దాకా వచ్చాయి. గోదావరి దాటి మా వైపు రాలేదు.

మన వెలుగు కాలంలో వికలాంగుల సంఘాలు పెట్టాం. మంచి పని. కానీ ఒక తప్పు మనవైపు కూడా ఉంది, నేనే చేశాను. వినపడనివాళ్ళను మీటింగుకు పిలిచి, వరసలో కూర్చోబెట్టి, గంటసేపు నోటితో మాట్లాడి, వేలిముద్ర వేయించుకుని పంపేదాన్ని. వాళ్ళు మా మొహాలు చూస్తూ కూర్చునేవాళ్ళు. 2023 నుంచి ఆసరా పింఛను 4,016 రూపాయలు అయింది. దాంతో బియ్యం, మందులు వస్తాయి. మాట రాదు కదా.

మిషను వద్దని నేను అనడం లేదు. కొంచెం వినికిడి ఉన్న పిల్లలకు అది బాగా పనిచేస్తుంది, చిన్నప్పుడే పెడితే ఇంకా మంచిది. మిషను పెట్టుకున్న పిల్లలకు కూడా, దాన్ని పెట్టుకుని తలెత్తుకు తిరిగే పెద్దమనిషి ఒకరు కనపడాలి.

చివరికి మా తల్లి అడిగిన మనిషి దొరికింది. పక్క మండలంలో, సంత వీధిలో జాకెట్లు కుడుతుంది. బధిర పాఠశాలలో చదివింది. భర్తకు సగం వినపడుతుంది, మిషను పెట్టుకుంటాడు. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ బాగా వినపడుతుంది. పేరు రాయను, ఆమెకు ఇష్టం లేదు. మొదటి రోజు మా పిల్ల తల్లి కొంగు పట్టుకుని వెనకే నిలబడింది. టైలరక్క ఏమీ బలవంతం చేయలేదు. పిల్ల రెండు కనుబొమల మధ్య పచ్చబొట్టు చూసి, తన వేలు తన నుదుటి మీద పెట్టి, పిల్లను చూపించింది. మూడుసార్లు అట్లా చేసింది. నాలుగోసారి పిల్ల తన వేలు తన నుదుటి మీద పెట్టుకుంది. పదిహేనేళ్ళకు ఆమెకు తను పలకగలిగే పేరు వచ్చింది.

సంత సంతకు తీసుకుపోయాం. మూడో నెలలో ఒకరోజు పిల్ల చాలాసేపు చేతులు తిప్పింది, ఏడ్చింది. టైలరక్క వాళ్ళ అబ్బాయి మాకు మాటల్లో చెప్పాడు: "మా అక్క ఎందుకు వెళ్ళిపోయింది, నా మీద కోపమా అని అడుగుతుంది." పెద్దపిల్లకు మూడేళ్ళ కింద చింతూరు వైపు పెళ్ళి చేశారు. ఇంట్లో పందిరి వేశారు, బట్టలు పెట్టారు, మర్నాడు అక్క లేదు. పెళ్ళంటే ఏమిటో ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పే భాష ఎవరికీ లేదు. టైలరక్క తన మెళ్ళో తాళి చూపించి, భర్తను చూపించి, తన పుట్టింటి ఊరు ఎంత దూరమో చేతులతో చెప్పింది. తల్లి బయట అరుగు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు మూడు ఊళ్ళ నుంచి నలుగురు పిల్లలు వస్తున్నారు. ఇద్దరు ఆడ, ఇద్దరు మగ. ఒక పిల్లవాడు మిషను కనపడకుండా జుట్టు పెంచుకున్నాడు. టైలరక్క భర్తతో నాలుగు వారాలు తిరిగాక తనే పోయి కటింగ్ చేయించుకుని వచ్చాడు. తల్లులకు కూడా సైగలు నేర్పమని అడిగాం, తునికాకు పని అయిపోయాక మొదలుపెడదామంది. పనిరోజు పోగొట్టుకుంటున్న టైలరక్కకు గౌరవ వేతనం ఇవ్వాలని నేను తీర్మానం పెట్టాను. ఇద్దరు అక్కలు ఒప్పుకోలేదు, వచ్చే మీటింగులో మళ్ళీ పెడతాను. మహాలక్ష్మి వచ్చాక ఆడపిల్లలకు, తల్లులకు బస్సు ఉచితం. మగపిల్లల టికెట్లు, వాగు దాకా ఆటో కిరాయి మాత్రం మా గ్రామ సంఘం భరిస్తోంది. ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలియలేదు. ప్రస్తుతానికి శిక్షణ ఖర్చుల కింద రాశాం.