పాఠశాలా రంగస్థలము



మన ఉన్నత పాఠశాలలలో వార్షికోత్సవములందును, పండుగ సెలవులకు ముందు దినములందును బాలురచే నాటకము లాడించు వాడుక చిరకాలము వర్ధిల్లినది. దానిని గొందఱు వట్టి కాలక్షేపమని తలంతురు. కాని పూర్వచరిత్రను విచారించితిమేని, ఆంధ్ర నాటకరంగము పాఠశాల యొడిలోనే పెరిగినదని తేటపడగలదు.

వీధిబడుల కాలమున దసరా దినములే బాలురకు ప్రదర్శన దినములు. అయ్యవారు ముందు నడువ, పిల్లలు క్రొత్తబట్టలు దాల్చి, రంగుల విల్లంబులు చేతబట్టి, యింటింటికి బోయి పాటలు పద్యములు వినిపించెడివారు. గృహస్థులు అయ్యవారికి గట్నమును, పిల్లలకు పప్పుబెల్లములను ఒసంగెడివారు. ఏడాది పొడుగున నేర్చిన చదువు ఈ రీతిగా ఊరివారి యెదుట పరీక్షకు వచ్చుచుండెను. బడికి పోషణయు లభించుచుండెను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున గణదాస హరదత్తులను నాట్యాచార్యులలో నధికు లెవ్వరను వివాదము పుట్టగా, శిష్యుల ప్రయోగమే ప్రమాణమని నిర్ణయింపబడుట యిచ్చట స్మరింపదగినది.

1880వ సంవత్సరమున రాజమహేంద్రవరమున ఆంధ్రపండితులుగా నుండిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచే వ్యవహారధర్మబోధిని యను ప్రహసనము నాడించిరి. వకీళ్ల యక్రమములను వాడుకమాటలలోనే వెల్లడించిన కృతి యది. ఆ కాలముననే ధార్వాడ నాటక సమాజమువా రా పట్టణమునకు వచ్చి ప్రదర్శనములిచ్చి వెడలిరి. వారు విడిచిపోయిన నాటకశాలయందే పంతులుగారి శిష్యులు చమత్కారరత్నావళిని ప్రదర్శించిరి. అది షేక్స్పియరు మహాకవి రచించిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ అను నాటకమునకు తెలుగురూపము. తెలుగు నాటకప్రదర్శనమునకు ద్రోవ చూపినవారు వృత్తినటులు గారు, చదువుకొను బాలురు. పంతులుగారి జన్మదినమగు ఏప్రిల్ 16వ తేది నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపబడుచున్నది.

రెండవ నిదర్శనము ఒంగోలునందలిది. తండ్రి గతింపగా, తల్లి పూటకూటి యిల్లు నడిపి పోషించుచుండిన బాలుడొకడు అచ్చటి మిషన్ పాఠశాలలో జదువుచుండెను. ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు నాటకప్రియులు. వారా బాలునిచే స్త్రీపాత్రలు ధరింపజేసిరి. తాము రాజమహేంద్రవరమునకు బోవునపుడు వెంటగొనిపోయి చదువు సాగించిరి. వారి సమాజముకొఱకే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు నాటకములు రచించిరి. ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు. నాటకమువలన చదువు చెడునని శంకించువారికి ఇంతకన్న సమాధాన మక్కరలేదు. ఒక పేదబాలునకు ఆ నాటకమే చదువునకు మెట్టయినది.

ఉపాధ్యాయవృత్తిలో నుండిన కాలమున నాకు దెలిసినది కొంత విన్నవించెదను. తరగతిలో పదిమార్లు దిద్దినను పలుకని ఒత్తక్షరములు, రాయబారఘట్టములోని పద్యము నొప్పగించునపుడు పిల్లలనోట స్పష్టముగా బలికెడివి. దుప్పట్లే తెరలు, అట్టముక్కలే కిరీటములు; అయినను ధర్మరాజు వేషము కంఠము గలవానికే దక్కెను. ఆ వేషము వాని తండ్రికి భూమి యెంతయని గాని, కుల మేదియని గాని యడుగలేదు. పూర్వము బాలురే ధరించిన ద్రౌపదీపాత్రను మా కాలమునకు బాలికలే ధరించి మెప్పించిరి.

నేడు పెక్కుబడులలో ఈ వాడుక సన్నగిల్లినది. పదవతరగతి మార్కుల యాతురత సాయంకాలములను హరించినది. ఉత్సవమనగా యంత్రమున మ్రోగు చలనచిత్రగీతమునకు అడుగులు వేయుటగా మారినది. పిల్లలు కదలుచున్నారు గాని పలుకుట లేదు. పలుకని విద్య సభలో నిలువదు.

కావున దాతలకు నా విన్నపము: మనము విద్యార్థివేతనము లిచ్చుట, వసతిగృహములు నడుపుట శ్లాఘ్యమే. దానితోడ ఏటేట ఒక యుపాధ్యాయునకు, ఒక నాటకమునకు వలయు వ్యయమును గూడ నేర్పఱుపుడు. ఆ రంగస్థలమున అన్ని కులముల పిల్లలకును ప్రవేశ ముండవలయును. పూర్వము పప్పుబెల్లములతో బడిని బ్రతికించిన గృహస్థుల సంతతివారము మనము. ఆ ఋణము మనపిల్లలకు దీర్పవలసియున్నది.