తెలుగువారి చల్దియన్నము

గడియారములు గ్రామములకు రాకపూర్వము తెలుగు రైతు ప్రొద్దును తిండితో కొలిచెను. చద్దివేళ, అంబటివేళ అను మాటలు నేటికిని పెద్దల నోట వినవచ్చును. రాత్రి మిగిలిన అన్నమున నీరుగాని మజ్జిగగాని పోసి కుండలో నుంచిన, తెల్లవారునప్పటికి అది కొంచెము పులిసి చల్లగా నుండును. చల్లనిది గనుక చలిది. అదియే చల్ది, చద్ది, తెలంగాణమున సద్ది. సద్దుల బతుకమ్మ పేరున ఆ మాట పండుగకును ఎక్కినది. వరి పండని మెట్టసీమలలో జొన్న, రాగి అంబలి ఆ స్థానమున నిలిచెను.

ప్రొద్దుట పొయ్యి రాజేయ నక్కఱలేకుండుట చల్దికి గల ముఖ్యగుణము. కోడికూతతో అరక కట్టవలసిన రైతునకును, వంటచెఱకు పొదుపు చేయవలసిన ఇల్లాలికిని ఇంతకంటె అనువైన ఏర్పాటు లేదు. మూటగట్టి పొలమునకు కొనిపోవుటయు సులభమే. పెద్దలమాట చద్దిమూట యను సామెతకు మూలమిదియే.

శాస్త్రము మాత్రము దీనిని మెచ్చలేదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయము పులిసినదానిని, పర్యుషితమును, అనగా నిలువయున్న అన్నమును నిషేధించెను. ఐదవ అధ్యాయము పులిసినవానిలో పెరుగునకు మినహాయింపు నిచ్చెను. ఆచారవంతుల ఇండ్లలో చల్ది పసిపిల్లలకే. పెద్దలు స్నానానుష్ఠానములు ముగించి మడివంట భుజించెడివారు.

ఈ విషయమున 15వ శతాబ్దివాడగు బమ్మెర పోతన చేసిన పని గమనింపదగినది. సంస్కృత భాగవతము దశమస్కంధము 13వ అధ్యాయమున, యమునాతీరమందు గోపబాలుర నడుమ కూర్చున్న కృష్ణుని యెడమచేత నున్నది నున్నని కబళము. వ్రేళ్ళ నడుమ నున్నవి దానికి తగిన ఫలములు. పోతన తెలుగు చేయునప్పుడు ఆ కబళము పెరుగు కలిసిన చల్దిముద్ద అయినది. ఆ ఫలములు ఊరుగాయలైనవి. శాస్త్రము త్రోసిపుచ్చిన కూటిని భగవంతుని చేతికిచ్చిన ఘనత ఆ కవిది. ఆ ఊరుగాయలలో మిరపకారము లేదు. మిరపకాయ అమెరికా నుండి పోర్చుగీసువారి మూలమున తరువాతి శతాబ్దిలోగాని మన దేశమునకు రాలేదు.

చల్దికి పోటీగా నేడు తోచు ఇడ్డెనయు క్రొత్తది కాదు. 10వ శతాబ్దినాటి కన్నడ గ్రంథమగు వడ్డారాధనెలో దాని పేరు కలదు. చాళుక్య సోమేశ్వరుడు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున ఇడ్డరిక మినుపపిండితో చేయు వంటకము. నేటి ఇడ్డెన పిండియు రాత్రి పులిసినదే. అయినను 20వ శతాబ్ది పూర్వార్ధమున పట్టణములందు కాఫీ హోటళ్ళు వెలసిన పిదప ఇడ్డెన నాగరకతకును, చల్ది పేదరికమునకును గుర్తులైనవి. చద్ది తిని బడికి వచ్చిన పిల్లవాడు ఆ మాట తోటివారికి చెప్పుటకు వెనుదీయు దినములు వచ్చినవి.

ఆ హోటళ్ళలో అందరకు చోటు లేకుండెను. పెక్కింట బ్రాహ్మణులకు వేఱుగది యుండెను. అస్పృశ్యులని ఎంచబడినవారికి గడప దాటుటయే దుర్లభము. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము అంగళ్ళలో, హోటళ్ళలో కులమునుబట్టి అడ్డగించుటను నిషేధించెను. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955 నాటి చట్టము దానికి శిక్ష విధించెను. శాసనము గడప దాటించెను. పంక్తిలో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట మనుష్యులు నేర్వవలసిన పని.

యమునాతీరమున కృష్ణుడు చల్ది తిన్నది ఒంటరిగా కాదు. బాలురందఱు ఆయన చుట్టును కూర్చుండి, ఎవరి మూట వారు విప్పి, తమ తమ రుచులను ఒకరికొకరు చూపుకొని నవ్వుకొనిరి. యజ్ఞభోక్త యగువాడు పసులకాపరుల పంక్తిలో కూర్చుండుట చూచి దేవతలే ఆశ్చర్యపడిరని కథ. భాగవతము ప్రతి గ్రంథాలయమునందును లభించు పుస్తకము. ఆ ఘట్టము చదివిన బాలుడు తన చద్దిమూటకు సిగ్గుపడ నక్కఱలేదు. ప్రక్కవాని మూటను చూచి నవ్వనును నవ్వడు.