బంతిలో ఫ్రాంక్లిన్ ఎక్కడ కూర్చున్నాడు?

ఈ వారం జాషువా మీద రాస్తానన్నాను. అది వచ్చే వారానికి జరిపాను, ఏమీ అనుకోకండి.

డిగ్రీ రెండో ఏడాది క్లాసులో బాలసాహిత్యం చెబుతుంటే ఒకబ్బాయి లేచి, "కార్టూన్లలో కులం ఏముంటుంది మేడమ్, అవి పిల్లలవి కదా" అన్నాడు. అడిగింది మనవాడే. నేను నోరు తెరిచేలోపు బెల్లు కొట్టారు. ఆ జవాబే ఇది.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. పదకొండు రోజులకు, ఏప్రిల్ 15న, లాస్ ఏంజిలిస్‌లో హ్యారియెట్ గ్లిక్‌మన్ అనే తెల్లజాతి టీచరమ్మ చార్లెస్ షుల్జ్‌కు ఉత్తరం రాసింది. చార్లీ బ్రౌన్, స్నూపీ ఉండే 'పీనట్స్' కార్టూన్ గీసింది ఆయనే. ఆ పిల్లల గుంపులో నల్లపిల్లలను కూడా కలపమని ఆమె అడిగింది. షుల్జ్ జవాబిచ్చాడు: చేయాలనే ఉంది గానీ, నల్లవాళ్లను మేమేదో ఉద్ధరిస్తున్నట్టు కనిపిస్తుందేమోనని భయం. చూశారా, మంచివాళ్ల మొహమాటం కూడా మనల్ని బయటే నిలబెడుతుంది.

గ్లిక్‌మన్ అక్కడితో వదల్లేదు. ఆ జవాబును తన నల్లజాతి స్నేహితులకు చూపించి, వాళ్ల చేత రాయించింది. వాళ్లలో కెనెత్ కెల్లీ, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ నింద వస్తే రానివ్వండి, మా పిల్లలు కనబడటం ముఖ్యం అన్నది ఆయన ఉత్తరం సారాంశం. 1968 జూలై 31న ఫ్రాంక్లిన్ వచ్చాడు. సముద్రం ఒడ్డున చార్లీ బ్రౌన్ పోగొట్టుకున్న బంతిని తెచ్చి ఇస్తాడు. వాళ్ల నాన్న వియత్నాం యుద్ధంలో ఉన్నాడు. నల్లపిల్లాడు, తెల్లపిల్లలు ఒకే బడిలో ఉన్నట్టు గీయడం మీద దక్షిణాది పత్రికా సంపాదకుడొకరు అభ్యంతరం రాశాడు. ఏమైనా మార్చమంటే గీయడమే మానేస్తానని సిండికేట్ వాళ్లకు తెగేసి చెప్పానని షుల్జ్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

ఇక టీవీ సంగతి. 1973 నవంబరు 20న సీబీఎస్‌లో 'ఎ చార్లీ బ్రౌన్ థాంక్స్‌గివింగ్' వచ్చింది. పిల్లలంతా పెరట్లో పండగ భోజనానికి కూర్చుంటారు. స్నూపీ వంట: టోస్టు, పాప్‌కార్న్, ప్రెట్జెల్స్, జెల్లీ బీన్స్. బల్లకు ఒకవైపు పిల్లలంతా ఇరుక్కుని ఉంటారు. ఎదురువైపు మొత్తానికి ఫ్రాంక్లిన్ ఒక్కడే, పెరట్లో వేసుకునే మడత కుర్చీలో. ఎవరూ ఏమీ అనరు. అతనూ ఏమీ అడగడు.

తీసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేను అనను. దర్శకుడు బిల్ మెలెండెజ్ మెక్సికోలో పుట్టినవాడు, తెల్లదొర కాడు. ఉద్దేశం లేకుండానే చేయి అలా గీస్తుంది. నా బాధ అదే.

ఆ సీను మొదటిసారి చూసినప్పుడు నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. హాస్టల్ గదిలో, ఎవరిదో లాప్‌టాప్‌లో. వెంటనే ఆరో తరగతి గుర్తొచ్చింది. నా జతగత్తె అక్క పెళ్లికి వెళ్లాను, అమ్మ కుట్టిచ్చిన పసుపు పరికిణీ కట్టుకుని. బంతి వేశారు. క్లాసు పిల్లలంతా ఒక వరస. నా విస్తరి మాత్రం పశువుల కొట్టం పక్కన. వడ్డించినామె ప్రేమగానే వడ్డించింది, రెండోసారి బూరె కూడా వేసింది. జతగత్తె మాత్రం ఇటు చూడలేదు. ఫ్రాంక్లిన్ కార్టూన్లోకి వచ్చిందీ బంతితోనే, విడిగా కూర్చున్నదీ బంతిలోనే. తెలుగులో మాట ఒకటే కావడం నాకు నవ్వు తెప్పించదు.

ఆ బల్లను సరిచేయడానికి యాభై ఏళ్లు పట్టింది. 2024 ఫిబ్రవరిలో యాపిల్ టీవీ ప్లస్‌లో 'వెల్కమ్ హోమ్, ఫ్రాంక్లిన్' వచ్చింది. రచయితల్లో ఒకడు రాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే నల్లజాతి కార్టూనిస్టు. ఫ్రాంక్లిన్‌కు ఇంటిపేరు పెడుతూ షుల్జ్ అడిగి తీసుకున్నది ఈయన ఇంటిపేరే. ఇందులో ఒకచోట బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ఫ్రాంక్లిన్‌ను తోటిపిల్లలు తమ వైపుకు రమ్మని పిలుస్తారు. నల్లవాడి చేతిలోకి కలం వచ్చాకే కుర్చీ జరిగింది. ఇది రాసుకోండి.

ఇప్పుడు మన ఛోటా భీమ్. 2008 నుంచి పోగోలో వస్తోంది, తయారైంది మన హైదరాబాద్‌లోనే. ఢోలక్‌పూర్‌కు రాజున్నాడు, రాకుమారి ఉంది, టున్‌టున్ మౌసీ లడ్డూలున్నాయి. మా పాపతో కూర్చుని నేను చూసిన ఎపిసోడ్లలో ఊరు ఉంది గానీ వాడ లేదు. ఆ వీధులు ఎవరు ఊడుస్తారో తెలియదు. గొప్పలు చెప్పుకుని, ఏడిపించి, చివరికి నవ్వులపాలయ్యే పిల్లాడి పేరు మాత్రం కాలియా. నలుపు అన్న మాటలోంచి వచ్చిన పేరు. ఆ పేరు మీద ఉత్తరం రాసే గ్లిక్‌మన్ మనలో ఎవరు? నేనూ రాయలేదు.

నిన్న మా పాపకు ఆ 1973 సీను చూపించాను. ఆరేళ్లది. మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసి, "అమ్మా, వాళ్లెందుకు అటు వెళ్లలేదు?" అంది. ఫ్రాంక్లిన్ ఎందుకు ఇటు రాలేదని అడుగుతుందనుకున్నాను.