నర్సీపట్నం మీదుగా మన్యం దారి

1893లో బెజవాడ, వాల్తేరుల మధ్య రైళ్లు నడవడం మొదలైనప్పటికీ నర్సీపట్నానికి రైలు రాలేదు. ఊరి పేరు మోసే ‘నర్సీపట్నం రోడ్డు’ స్టేషను పట్టణానికి చాలా దూరాన కోస్తా మార్గంపై ఉండటంతో, మన్యానికి, అంటే తూర్పు కనుమల గిరిజన ప్రాంతానికి వెళ్లేవారు అక్కడ దిగి మిగతా ప్రయాణాన్ని రోడ్డుపైనే సాగించవలసి వచ్చేది. ఏ కాలంలో వెళ్లాలి, బరువు ఎవరు మోస్తారు అన్నవి ఆనాటి ప్రయాణికుల ప్రధాన ప్రశ్నలు. వానలకు వాగులు పొంగి బాటలు తెగేవి. మన్యపు చలిజ్వరం, అంటే మలేరియా, మైదానవాసులను భయపెట్టేది. రెండో ప్రశ్న వెనుక ఉన్నది గిరిజనుల చెమట. కొండపైకి రోడ్డు వేసే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిచేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించగా, పోడుపై, అంటే అడవిని నరికి కాల్చి చేసే సాగుపై, విధించిన ఆంక్షలు వారి ఆగ్రహాన్ని మరింత పెంచాయి. ఆ ఆగ్రహమే తిరుగుబాటుగా మారి, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. నేడు లంబసింగి చలిని చూడటానికి నర్సీపట్నం మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కే యాత్రికులు కృష్ణదేవిపేటలోని రాజు సమాధిని కూడా తప్పక దర్శించాలి.