గొట్టం కొలత, జింక వేట: గోదావరి సీమలో చౌక రైఫిలు కథ

తక్కువ ఖరీదులో దొరకాలి, గురి అభ్యాసానికి పనికిరావాలి, అదే చేత్తో జింక వేటకూ నప్పాలి. అటువంటి రైఫిలు ఏది? స్కాట్లండు కొండల్లో ఈ ప్రశ్న వేస్తే అంగడివాడు నాలుగు రకాలు తెచ్చి బల్ల మీద పెడతాడు. ద్రాక్షారామంలో భీమేశ్వరుని గుడి ఎదుట నిలబడి వేస్తే మాత్రం జనం మనల్ని ఎగాదిగా చూస్తారు. చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు. జింక ఎక్కడ, రైఫిలు ఎక్కడ?

అయినా ఈ ప్రశ్నకు మన సీమలో ఒక చరిత్ర ఉంది. అందులో ధర ప్రసక్తి చాలా తక్కువ. తుపాకి ఎవరికి అందుబాటులో ఉండాలన్నది ఇక్కడ బజారు నిర్ణయించలేదు, చట్టం నిర్ణయించింది. ఆ చట్టం మనిషిని చూసింది, తుపాకి గొట్టం వ్యాసాన్ని చూసింది, చిట్టచివరకు జింకను కూడా చూసింది.

గోదావరి సీమ అంటే రెండు లోకాలని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దిగువనున్న డెల్టా నాగలికి దక్కింది. ఎగువన రంప, మారేడుమిల్లి, పాపికొండల ప్రాంతం అడవిగానే మిగిలింది. కణితి, దుప్పి, కొండగొఱ్ఱె తిరిగేది అక్కడ. వాటిని వేటాడేవారు కొండరెడ్లు, కోయలు, కొండదొరలు, బగతలు. వేట వారికి వినోదం కాదు, ఆహారం. కొన్నాళ్ళు పండుగ కూడా. చైత్రమాసపు ఇటుకల పండుగలో ఊరి మగవాళ్ళందరూ అడవికి వెళ్ళాలి. వట్టి చేతులతో తిరిగి వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. గురి తప్పినవాడికి ఇంతకంటె ఘాటైన విమర్శ ఏ పోటీలోనూ ఉండదనుకుంటాను.

వారి ఆయుధం తరతరాలుగా విల్లంబులే. తరువాత నాటు తుపాకి వచ్చి చేరింది. ఇనుప గొట్టం, కట్టె మడమ. మూతి వైపు నుంచి నల్లమందు పోసి, పీచు కూరి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధమయ్యేలోగా జింక కొండ దాటిపోతుంది. గొట్టం లోపల నున్నగా ఉంటుంది గనుక గుండు తిన్నగా పోతుందన్న భరోసా యాభై గజాలు దాటితే లేదు.

రైఫిలుకూ మామూలు తుపాకికీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన సన్నని గాడులుంటాయి. వాటి వెంబడి దూసుకువచ్చే తూటా బొంగరంలా తిరుగుతూ, ఆ తిరుగుడు వల్ల దారి తప్పకుండా పోతుంది. చూడటానికి చిన్న సంగతి. కాని 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయ ప్రభుత్వం మొదట పట్టించుకున్న విషయాలలో ఇదొకటి. భారతీయ సిపాయిల కోసం చేయించిన ఎన్‌ఫీల్డు తుపాకులలో ఆ గాడులు లేకుండా చేశారు. చూపుకు తెల్ల సిపాయి చేతిలోని తుపాకి వంటిదే. గురిలో మాత్రం కాదు. పోలీసుల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా చాలాకాలం సాగింది. సైన్యపు రైఫిలునే గొట్టం నున్నగా చేసి, ఒక్కొక్క తూటాయే పట్టేటట్లు మార్చి, 410 బోరు మస్కెట్టు అని పేరు పెట్టి పోలీసులకు ఇచ్చారు. ఆ తుపాకి ఎవరి చేతిలోనైనా పడితే సైన్యపు తూటా అందులో సరిగ్గా పనిచేయదు. దూరం నుంచి దెబ్బ తగలదు.

ఇక సామాన్యుల సంగతి. లిట్టన్ ప్రభువు కాలంలో, 1878లో, ఆయుధ చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదన్నది నియమం. ఐరోపావారికి దాని నుంచి మినహాయింపు. పెద్ద జమీందారులకు, బిరుదులు పొందినవారికి మినహాయింపు. మిగిలినవారు కలెక్టరు కచేరీ మెట్లెక్కాలి. ఒకే అడవిలో ఒకే దుప్పిని కొట్టడానికి జమీందారుకు విలాయతీ రైఫిలు, కొండవాడికి దాచుకున్న నాటు తుపాకి. 1920 నాటి కొత్త నియమాలు జాతిభేదాన్ని కాగితం మీద తీసివేశాయి; కచేరీ మెట్లు అలాగే ఉన్నాయి.

చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1879 మార్చిలో, రంప తిరుగుబాటు మొదలైంది. దానికి కారణం ఆయుధ చట్టమని చెబితే తప్పు. చెట్ల కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పల్లపు వర్తకుల అప్పుపత్రాలు, ఇవీ కారణాలు. కాని తిరుగుబాటు చేసినవారికి తుపాకులెక్కడివి అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. దాని జవాబు నలభై ఏళ్ళ తరువాత వచ్చిన మరో తిరుగుబాటులో మరింత స్పష్టంగా కనబడింది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులలో చిక్కినవి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. ఈ లెక్కను మనం వీరగాథగా చదువుకుంటాం. ఒక్కసారి వేటగాని లెక్కగా కూడా చదవాలి. తుపాకికి వంద తూటాలకు లోపే. అవి అయిపోతే కొనడానికి అంగడి లేదు. గురి నేర్చుకోవడానికని ఒక్క తూటా కూడా వృథా చేసే వీలు లేదు. తరువాత అడ్డతీగల మీద, రంపచోడవరం మీద దాడులు జరిగాయి గాని, మొదటి మూడు రోజుల వంటి రాబడి మళ్ళీ దొరకలేదు. ఆ రెండేళ్ళ పోరాటమంతా ఈ 26 తుపాకుల నీడలోనే నడిచింది.

మరి ఆ కొద్దిపాటి సరంజామాతో రెండేళ్ళు ఎలా నిలిచారు? దామనపల్లి కనుమ జవాబు చెబుతుంది. 1922 సెప్టెంబరు 24న పోలీసు బలగం ఆ ఇరుకు దారిలో నడిచి వస్తున్నది. దళం పైన పొదలలో మాటు వేసి ఉన్నది. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చారు. ఒక్క తూటా పేల్చలేదు. వెనుక వచ్చిన ఆంగ్లేయ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ తుపాకి దూరంలోకి వచ్చినప్పుడు కొట్టారు. ఇద్దరూ అక్కడే మరణించారు.

ఇది సిపాయి నేర్పు కాదు, వేటగాని నేర్పు. దుప్పిని మాటు వేసి కొట్టే మనిషికి తెలిసిన విద్యలు మూడు. గాలివాలు చూసుకొని, తన వాసన దానికి సోకని చోట కూర్చోవడం. ముందు వచ్చిన ఆడజింకలను కదిలించకుండా పోనివ్వడం. కొమ్ముల దుప్పి తన తుపాకి అందేటంత దగ్గరకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టడం. యాభై గజాల తుపాకి పట్టినవాడు మూడువందల గజాల రైఫిలు ఉన్నవానితో తలపడాలంటే దగ్గరికి రానివ్వడమొక్కటే దారి. నాటు తుపాకి పేదరికం నేర్పిన ఓర్పు ఆ కనుమలో అక్కరకు వచ్చింది. గాం గంటందొర, మల్లుదొరల వంటి అనుచరులు రాజుకు తెచ్చిపెట్టిన అసలు ఆయుధాగారం అదేనని నా అభిప్రాయం. దానిని అణచడానికి మలబారు స్పెషల్ పోలీసునూ అస్సాం రైఫిల్సునూ రప్పించవలసి వచ్చింది. అస్సాం దళం పేరులోనే రైఫిలు ఉన్నదన్న సంగతి ఇక్కడ గమనించదగ్గది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు.

ఆయుధ చట్టం మీద కోపం మన్యానికే పరిమితం కాలేదు. 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికలలో ఉప్పు పన్ను రద్దు అందరికీ గుర్తుంది. ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా వాటిలో ఒకటని గుర్తున్నవారు తక్కువ. అహింసామూర్తి నోట ఆ కోరిక వింతగా తోస్తుంది. ఆయుధం పట్టకపోవడం వేరు, పట్టనివ్వకపోవడం వేరు అని ఆలోచిస్తే ఆ వింత పోతుంది.

ఇంతకూ మనం మొదట అడిగిన చౌక రైఫిలు పుట్టింది కూడా ఇటువంటి నిషేధం నుంచే. ఇరవయ్యో శతాబ్ది మొదటి దశకంలో ప్రభుత్వం గొట్టాల కొలతల మీద దృష్టి పెట్టింది. సైన్యం వాడే కొలతలు సామాన్యుల చేతిలో ఉండరాదు. ఉంటే దొంగిలించిన సర్కారు తూటా వారికి పనికివస్తుంది. త్రీ నాట్ త్రీ ఆ లెక్కన దూరమైంది. 1907లో పాయింట్ 450 కొలత రైఫిళ్ళను హిందూదేశానికి రానివ్వకుండా ఆపారు. పులులను, ఏనుగులను కొట్టే ధనికుల కోసం లండను తుపాకి పనివారు వెంటనే 465, 470 అంటూ కొత్త కొలతలు పుట్టించారు. చట్టం అంగుళంలో వందోవంతు జరిగితే వ్యాపారం కూడా అంతే జరిగింది.

ఒక మోస్తరు షికారీ కోసం తయారైనది 315 బోరు. ఆస్ట్రియా సైన్యపు మాన్లిచర్ తూటాను, ఆంగ్లేయుల లీ రైఫిలు యంత్రాంగంలో అమర్చారు. హిందూదేశంలోని సైన్యం ఆ కొలత వాడదు గనుక చట్టానికి అభ్యంతరం లేదు. మొదట బర్మింగ్‌హాం నుంచి బీయెస్సే కంపెనీవి వచ్చేవి. తరువాత కలకత్తా దగ్గరి ఈశాపూరు రైఫిలు కర్మాగారంలో తయారయ్యాయి. దుప్పికీ కణితికీ చాలినంత బలం, మోయదగిన బరువు, స్వదేశీ తయారీ, దిగుమతి సుంకం లేని ధర. గురి అభ్యాసానికీ పనికివస్తుంది గాని ప్రతి తూటాకూ జేబు తడుముకోవాలి. మన దేశంలో మధ్యతరగతి వేటగాడి రైఫిలు అంటే ఏళ్ళ తరబడి ఇదే. ఆయుధ కర్మాగారాల బోర్డు 2021లో రద్దయి ఏడు కంపెనీలుగా విడిపోయే దాకా దీని మీద ఆ బోర్డు ముద్రే ఉండేది.

ఇక్కడ ఇంగ్లండును తలచుకోకుండా ఉండలేను. వారి 1963 నాటి జింకల చట్టం కూడా గొట్టం కొలత చెప్పింది. కాని తలక్రిందులుగా. పాయింట్ 240 అంగుళాల కంటె సన్నని రైఫిలుతో జింకను కొట్టరాదని నియమం పెట్టింది. చాలని తూటా తగిలితే జింక చావక, బ్రతకక, పొదల్లోకి పోయి యాతన పడుతుందని. అక్కడ చట్టం జింక మీద జాలితో మరీ చిన్న తుపాకిని నిషేధించింది. ఇక్కడ మనిషి మీద భయంతో మరీ మంచి తుపాకిని నిషేధించింది. మన్యంలో నాటు తుపాకి దెబ్బ తిని తప్పించుకుపోయిన జింకల యాతనలో ఆ చట్టానికి కూడా పాలు ఉన్నది.

మన సాహిత్యంలో వేటకు కొదవ లేదు. మనుచరిత్రలో స్వరోచి వేట ఉంది, ధూర్జటి తిన్నడు ఉన్నాడు. కాని తుపాకి పట్టినవాడికీ అడవి ఎరిగినవాడికీ మధ్య ఉన్న ఎడాన్ని చూపినవారు అల్లం శేషగిరిరావుగారు. రైల్వే ఉద్యోగి, స్వయంగా వేటగాడు. ఆయన ‘చీకటి’ కథలో తుపాకి ఒకరిది, బ్రతుకు భారం మరొకరిది. ఈ వ్యాసంలో ఇంతవరకు చెప్పిన చరిత్ర ఆ ఒక్క కథలో ఉందంటే అతిశయోక్తి కాదు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధ చట్టం చేశారు. దాని పదమూడవ సెక్షను చదివితే మన ప్రశ్న చట్టం నోట వినబడుతుంది. పంట కాపాడుకునే రైతుకు మూతి నుంచి మందు దట్టించే తుపాకి. గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యునికి గురి అభ్యాసం కోసం పాయింట్ 22 రైఫిలు లేదా గాలి రైఫిలు. ఇటువంటివాటికి లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. వేటకూ గురికీ ఒకే తుపాకి అన్న ఊహ అక్కడే రెండుగా చీలింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ చీలికను పూర్తి చేసింది. అటువంటి చట్టం చేయమని పార్లమెంటును కోరుతూ తీర్మానించిన శాసనసభలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సుల పద్ధతి ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానం అయ్యాయి. ఈ నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. విలాయతీ రైఫిళ్ళు, జీపులు, సెర్చిలైట్లు కలిసి అడవిని ఖాళీ చేసిన తరువాత వేరే దారి లేదు. కాని ఆ అడవిని ఖాళీ చేసినవారి వారసులు వేట మాని హాయిగా ఉన్నారు. ఇటుకల పండుగ నాడు అడవికి వెళ్ళే కొండవాని మీదనే కేసు పడుతుంది. ఈ తేడాను చట్టం ఎక్కడా లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు గోదావరి జిల్లాల కుర్రవాడెవరైనా చౌక రైఫిలు ఏదని అడిగితే చెప్పవలసిన జవాబు ఒక్కటే: గాలి రైఫిలు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు మించకుండా, 20 జౌళ్ళ బలం దాటకుండా ఉన్నదానికి లైసెన్సు అక్కరలేదు. స్వదేశీ స్ప్రింగు రైఫిలు కొన్ని వేలలో దొరుకుతుంది. ఒలింపిక్సు స్థాయి జర్మనీ రైఫిలు లక్షలలోకి పోతుంది. మొదటి దానితోనే మొదలుపెట్టవచ్చు. దానితో పిట్టను కొట్టినా నేరమే కావచ్చునని మాత్రం అతనికి ముందే చెప్పాలి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో కంచు పతకం తెచ్చింది ఈ పోటీలోనే.

అందులో లక్ష్యం పది మీటర్ల దూరంలో ఉంటుంది. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దానిని తాకవలసిన గుండు చుక్కకంటె తొమ్మిదింతలు వెడల్పు. పోటీ జరిగేది నాలుగు గోడల మధ్య గనుక గాలివాలు చూడనక్కర లేదు. ఊపిరి బిగబట్టడం మాత్రం తప్పదు.